సర్దేది ఒకరు, మోసేది ఒకరు

ఎండాకాలం సెలవులు మొదలైనప్పటి నుంచి మన శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం ఊర్లకు పోయే గోలే. ఎక్కడికి పోవల్ల అనే దాని మీద కాదు, అది తేలిపోయినాక ఏం పెట్టుకోవల్ల, ఏం వద్దు అనే దాని మీద మొగుడూ పెళ్ళాలు మాటలు మానేసిన ఉత్తరాలు. ఈసారి నాలుగు తీసుకున్నా, అన్నీ మన సీమవే.

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం. ఈ నెల మూడో వారం మనాలి పోతాండాం, నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు. పెద్దోడికి తొమ్మిదేండ్లు, చిన్నదానికి నాలుగు. బెంగుళూరు నుంచి చండీగఢ్ దాకా ఫ్లైటు, ఆడ్నుంచి ట్యాక్సీ. మా ఆయనేమో మనిషికో చిన్న బ్యాగు చాలు, ఏడు కేజీలు, చేత్తో పట్టుకుని ఎక్కేయల్ల, దిగినాక సామాన్లొచ్చే బెల్టు కాడ నిలబడే పని ఉండకూడదు అంటాడు. నేను స్వెట్టర్లు, చిన్నదాని మందులు, నిప్పట్లు, పప్పుల పొడి, మామిడికాయ ఊరగాయ సీసా సర్దుకున్నా. రాత్రి నేను పండుకున్నాక ఆయన లేచి సగం సామాన్లు బయటికి తీసి సోఫా మీద వరసగా పెట్టినాడు, పొద్దున చూసేసరికి నాకు ఏడుపొచ్చేసింది. ఇప్పుడు ట్రిప్పే వద్దనిపిస్తాంది. తప్పు నాదా ఆయనదా?
– ఒక చెల్లెలు, అనంతపురం

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ రాత్రి సంగతి చెప్తా. నువ్వు సర్దిన బ్యాగు నువ్వు నిద్రపోయేటప్పుడు విప్పడం ముమ్మాటికీ తప్పు, బరువు ఎక్కువైందనిపిస్తే లేపి అడగొచ్చు, పొద్దున దాకా ఆగొచ్చు. ఈ మాట మీ ఆయనకు చదివి వినిపించు, నేను చెప్పినానని చెప్పు.

ఇంక అసలు విషయం. ఇట్లాంటి ఉత్తరాలు చదివి చదివి నాకు అర్థమైంది ఏందంటే, ఊర్లో దిగినాక ఏదన్నా లేదంటే మాట ఎవరికి పడుతుందో వాళ్ళు ఎక్కువ సర్దుతారు, మెట్లెక్కేటప్పుడు భుజం ఎవరిదో వాళ్ళు తక్కువ సర్దమంటారు. చిన్నదానికి రాత్రి పన్నెండుకు జ్వరమొస్తే అందరూ నీ ముఖమే చూస్తారు, "మందు తెచ్చినావా?" అని. నాన్నను ఎవరూ అడగరు. అందుకే నీ చెయ్యి ఆ మందుల డబ్బా మీదకు పోతుంది. ఆయనకేమో ట్యాక్సీ మీదకెక్కించేది, హోటల్ మెట్ల మీద మోసేది నేనే కదా అని. ఇద్దరి భయమూ నిజమే, కాకపోతే ఎవరి భయం వాళ్ళ దగ్గరే ఉండిపోయింది, ఒకరికొకరు చెప్పుకోలేదు, బ్యాగు మీద చూపించుకున్నారు.

కాబట్టి నా సలహా ఏందంటే పనిని అటుదిటు చేయండి. పిల్లలిద్దరి బట్టలు, సాక్సులు, టోపీలు, బ్రష్షులు పూర్తిగా మీ ఆయన సర్దాల, నీకు సాయం చేయడం కాదు, ఆ బ్యాగుకు బాధ్యత ఆయనదే. నువ్వు మధ్యలో పోయి ఇది పెట్టినావా అది పెట్టినావా అని అడగొద్దు. అక్కడ చిన్నదానికి సాక్సులు తక్కువైతే కొనుక్కొచ్చేది కూడా ఆయనే. మందులు మాత్రం ఇద్దరూ కూర్చుని చూసుకోండి, దాంట్లో పంతాలు వద్దు. పెద్ద బ్యాగేమో కాసేపు నువ్వూ లాగు, ఎయిర్‌పోర్టులో చక్రాల మీద లాగేటప్పుడు కాదు, నేను చెప్పేది మెట్ల కాడ. ఒక్కసారి మోస్తే ఊరగాయ సీసా బరువెంతో చేతికి తెలుస్తుంది.

ఇప్పుడు ఫ్లైటు లెక్క. మన దేశంలో తిరిగే విమానాల్లో మామూలు టిక్కెట్టుకు చేతి బ్యాగు 7 కేజీలు కాకుండా లోపల వేసే బ్యాగు 15 కేజీల దాకా ఉంటుంది, రెండేండ్లు దాటిన పిల్లలకు కూడా సీటు ఉంటుంది కాబట్టి ఆ 15 వాళ్ళకూ వస్తుంది. అంటే మీ నలుగురికీ కలిపి 60 కేజీలు. కొన్ని చవక టిక్కెట్లలో ఈ చెకిన్ బ్యాగు ఉండదు, మీ టిక్కెట్టు మీద ఏం రాసుందో ఈరోజే చూసుకోండి. ఉంటే మాత్రం డబ్బు కట్టేసినదే కదా, దాన్ని వదులుకుని నాలుగేండ్ల పాపకు స్వెట్టర్ తగ్గించడంలో నాకు అర్థం కనిపించలేదు. బెల్టు కాడ కాసేపు నిలబడాల్సి వస్తుంది, నిజమే, కానీ చండీగఢ్ నుంచి మనాలి మూడొందల కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఘాట్ రోడ్డు, పొద్దంతా కారులోనే. ఆ ప్రయాణం ముందు ఆ కాసేపు ఒక లెక్కే కాదు. నలుగురికీ కలిపి ఒకే ఒక పెద్ద సూట్‌కేసు లోపల వేయండి, మిగతావి చేతి బ్యాగులు. ఇట్లయితే ఆయన మాట సగం నెగ్గింది, నీది సగం.

ఏది దేంట్లో అనేది జాగ్రత్త. పవర్ బ్యాంకు పెద్ద సూట్‌కేసులో వేయకూడదు, చేతి బ్యాగులోనే ఉండాల. కత్తెర, చాకు అయితే పెద్దదాంట్లోకే. ఊరగాయ, కారం పొడి లాంటివి చేతి బ్యాగులో ఉంటే సెక్యూరిటీ వాళ్ళు తీసి పక్కన పెట్టేస్తారు, అవీ పెద్దదాంట్లోకే పోవల్ల. పప్పుల పొడి తీసుకుపో, పిల్లలకు అన్నంలో నెయ్యి, పొడి కలిపితే ఎక్కడైనా కడుపు నిండుతుంది, అరకేజీ పొడి మోసినందుకు ఫలితం ఉంటుంది. కేజీ ఊరగాయ సీసా మాత్రం వద్దు చెల్లీ, గాజు సీసా అసలొద్దు. పావు కేజీ స్టీలు డబ్బాలో తీసుకో, మూత కింద ప్లాస్టిక్ కవరు వేసి బిగించి, డబ్బాను ఇంకో కవర్లో పెట్టి రబ్బరు బ్యాండు వేయి. నూనె కారిందంటే ఆయన తెల్ల చొక్కాల మీదే కారుతుంది, మళ్ళీ అదొక గొడవ. చేతి బ్యాగులో చిన్నదానికి ఒక జత బట్టలు, తడి టిష్యూలు, ఒక టవలు, వాంతికి రెండు మూడు కవర్లు, మందులు, మనిషికో స్వెట్టరు. ఘాట్ రోడ్డు వాంతులకు పిల్లల డాక్టరును ముందే అడిగి మందు రాయించుకో, వయసును బట్టి, బరువును బట్టి ఇస్తారు.

చలి బట్టల సంగతి. మే నెలలో మనాలిలో పగలు మనకు హాయిగా ఉంటుంది, రాత్రికి పది డిగ్రీల దగ్గరికి వస్తుంది. అనంతపురంలో నలభై డిగ్రీల ఎండలో కూర్చుని సర్దుతాంటే ఆ చలి ఎంతో ఊహకు అందదు, అందుకే ఒకరికి ఎక్కువనిపిస్తుంది ఒకరికి తక్కువనిపిస్తుంది. లావు కోట్లు మోయొద్దు. ఒకదాని మీద ఒకటి వేసుకునేవి తీసుకోండి, లోపల థర్మల్, దాని మీద ఫుల్ చేతుల టీ షర్టు, స్వెట్టరు, పైన గాలీ వానా ఆపే పల్చటి జాకెట్. మంచు దగ్గరికి పోయేటప్పుడు దార్లోనే మంచు కోట్లు, బూట్లు అద్దెకిచ్చే అంగళ్ళు వరసగా ఉంటాయి. మనాలి పైనున్న రోహ్‌తాంగ్ పాస్ అనే కనుమ 3,978 మీటర్ల ఎత్తు, బండికి పర్మిట్ కావల్ల, పిల్లలకు ఊపిరి ఇబ్బందిగా ఉంటే పట్టుబట్టి పోవాల్సిన పనిలేదు. 2020 అక్టోబరులో తెరిచిన అటల్ టన్నెల్ ఉంది, తొమ్మిది కిలోమీటర్లు, దాన్ని దాటి సిస్సు అనే ఊరి దాకా పోయి రావచ్చు. ఒకటి మాత్రం చెప్తా, అద్దె బూట్లలో అంతకుముందు ఎంతమంది కాళ్ళు పెట్టింటారో, లోపల తడితడిగా ఉంటాయి, అందుకే మనిషికి రెండు జతల మందం సాక్సులు అదనంగా పెట్టుకోండి. కోటు మీద గొడవ పడే బదులు ఈ సాక్సుల మీద దృష్టి పెట్టండి.

బరువు చూసుకోవడానికి కొక్కేనికి తగిలించే చిన్న కాటాలు దొరుకుతాయి, లేకుంటే మనుషులు బరువు చూసుకునే మిషన్ మీద బ్యాగు పట్టుకుని నిలబడి నీ బరువు తీసేయి. ఇదంతా బయల్దేరే ముందు రాత్రి కాదమ్మా, మూడు రోజుల ముందు, పిల్లలు పండుకున్నాక, ఇద్దరూ కలిసి.

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది ప్రొద్దుటూరు. పెండ్లయి ఆరేండ్లకు మొదటిసారి గోవా పోతాండాం. మా ఆవిడ హారం, గాజులు, జుంకీలు, రెండు ఉంగరాలు పెట్టుకుంటానంటాంది. వద్దంటే "లాకర్లో పెట్టడానికేనా కొనిచ్చింది?" అంటాంది. ఎట్ల చెప్పేది?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: తమ్ముడూ, బంగారానికి పేరు మోసిన ఊరు మీది, ఆమె మాటలో న్యాయముంది, పెట్టుకోవడానికే కదా నగలు. కానీ సముద్రం కాడ వద్దు. నీళ్ళలో చల్లబడినాక వేళ్ళు సన్నబడతాయి, ఉంగరం ఎప్పుడు జారిపోయిందో కూడా తెలీదు, ఇసుకలో అలల్లో మళ్ళీ దొరకడమంటూ ఉండదు. హోటల్ స్విమ్మింగ్ పూల్‌లో క్లోరిన్ కలుపుతారు, అది నగల అతుకులకు మంచిది కాదు. ఈ రెండు మాటలూ చెప్పు, దొంగలని భయపెట్టొద్దు. మంగళసూత్రం తీయడం తీయకపోవడం పూర్తిగా ఆమె ఇష్టం, దాని గురించి నువ్వు నోరెత్తొద్దు. మిగతావాటిలో ఫోటోలకు బాగుండేది ఒక్కటి ఏదో ఆమెనే ఎంచుకోమను, సాయంత్రం భోజనానికి పోయేటప్పుడు పెట్టుకుంటుంది. అట్లే ఊరికి తిరిగొచ్చినాక ఆ హారం పెట్టుకుని పోయే సందర్భం ఒకటి నువ్వే చూడు, అది మర్చిపోతే ఆమె ప్రశ్నకు నీ దగ్గర జవాబు లేనట్టే.

ప్రశ్న: అక్కా, కర్నూలు నుంచి రాస్తున్నా. మా అమ్మ, మా అత్తమ్మ, నేను, మా ఆవిడ కలిసి కాశీ పోతున్నాం, తొమ్మిది రాత్రులు ఉండాలని మొక్కు. హైదరాబాద్ పోయి దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాం, థర్డ్ ఏసీ. మా ఆవిడ, అత్తమ్మ కలిసి పది కేజీల బియ్యం, కందిపప్పు, కరెంటు కుక్కరు, చిన్న గ్యాస్ స్టవ్వు, ఇద్దరు పెద్దోళ్ళకు దుప్పట్లు, చాపలు కూడా మూటలు కట్టినారు. నాకు నడుం నొప్పి. "కాశీలో అన్నం దొరకదా?" అంటే నేను వాళ్ళ మడిని అవమానించినానని రెండ్రోజులుగా ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడటం లేదు. నేనేం చేయాలి?
– ఒక అన్న, కర్నూలు

జవాబు: అన్నా, గ్యాస్ స్టవ్వు విషయంలో వాదనే లేదు, దాన్ని ఇప్పుడే అటక మీద పెట్టేయండి. రైల్లో గ్యాసు, కిరోసిన్ లాంటివి తీసుకుపోవడం నేరం, రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేండ్ల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. బోగీలో అంతమంది ప్రాణాల సంగతి అది. కరెంటు కుక్కరు తీసుకుపోవచ్చు గానీ బెర్తు కాడ ఫోను చార్జింగు ప్లగ్గులో మాత్రం పెట్టకూడదు, దానికీ కేసు రాస్తారు. ఈ మాట పెద్దోళ్ళకు మెల్లగా చెప్పండి, "వద్దు" అని కాదు, "రైలోళ్ళు ఒప్పుకోరమ్మా" అని.

మిగతాదానికి మాత్రం మీరు అడిగిన పద్ధతి సరిగా లేదు. "అన్నం దొరకదా?" అనేది ప్రశ్న కాదు, కొట్టిపారేయడం. మీ అమ్మగారు, అత్తమ్మ బయట వండింది తింటారా, ఉల్లి వెల్లుల్లి లేకుంటే తింటారా, తినకపోతే ఏ పూట వండుకుంటారు, ఇది ఎవరైనా వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి అడిగినారా? నాకు అనిపించేదేందంటే మీ ఆవిడ ఇద్దరు పెద్దోళ్ళ మధ్యలో నిలబడి ఉంది, రేపు ఏ ఒక్కరు పస్తున్నా ఆమెకే మాట. ఆ మూటల్లో సగం బరువు ఆ భయానిదే. మీరు పోయి స్వయంగా అడగండి, అమ్మను మీ ఆవిడ ముందరే అడగండి.

కాశీలో మన తెలుగోళ్ళ కోసం పాండే హవేలీ కాడ, మానస సరోవర్ ఘాట్ దగ్గర, శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం ఉంది, మనోళ్ళు ఎక్కువగా దిగేది ఆ చుట్టుపక్కలే, మన భోజనం దొరుకుతుంది. పోయే ముందు ఫోన్ చేసి గది, భోజనం సంగతి, గదిలో వండుకోనిస్తారా లేదా కనుక్కోండి. వండుకోవచ్చంటే ఒక లీటరు కుక్కరు, మొదటి రెండ్రోజులకు రెండు కేజీల బియ్యం, పప్పు, చింతపండు చాలు, బియ్యం కాశీలో ఏ అంగట్లోనైనా దొరుకుతుంది. రైలుకు మాత్రం ఎండు జొన్నరొట్టెలు కట్టించుకోండి, అవి చాలా రోజులు చెడవు, బరువుండవు, మీద చెనిగ్గింజల పొడి, ఇంత పెరుగు ఉంటే పెద్దోళ్ళు కూడా తృప్తిగా తింటారు. దుప్పట్లు వద్దు, థర్డ్ ఏసీలో రగ్గు, దిండు, దుప్పటి వాళ్ళే ఇస్తారు.

థర్డ్ ఏసీలో మనిషికి 40 కేజీల దాకా ఉచితమే, కాబట్టి రైలు లెక్కన చూస్తే మీ మూటలు నేరం కావు. ఇబ్బందంతా దిగినాకే. దానాపూర్ రైలు నేరుగా కాశీకి పోదు, మొఘల్‌సరాయ్‌లో దిగల్ల, ఇప్పుడు దాని పేరు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్, అక్కడి నుంచి ఆటో. ఆ ఆటో కూడా గది గుమ్మం దాకా రాదు. ఘాట్ల పక్క సందులు ఎట్లుంటాయంటే ఎదురుగా ఆవు వస్తే మనం గోడకు ఒరిగి నిలబడల్ల, కాళ్ళ కింద రాళ్ళు ఎగుడుదిగుడు, మధ్యమధ్యలో మెట్లు, చక్రాల సూట్‌కేసు లాగడానికి కుదరదు. ఆ సందులో ఇద్దరు పెద్దోళ్ళ చేతులు పట్టుకోవల్లనా, బియ్యం మూట పట్టుకోవల్లనా? ఇదే మాట మీ ఆవిడతో చెప్పండి, నడుం నొప్పి కన్నా ఇది ఆమెకు బాగా అర్థమవుతుంది, ఎందుకంటే ఆమె బాధ కూడా పెద్దోళ్ళ గురించే.

ఇంకొకటి, పోయేటప్పుడు సంచి సగం ఖాళీగా ఉండల్ల. వచ్చేటప్పుడు గంగ చెంబులు, అన్నపూర్ణమ్మ విగ్రహాలు, విభూది, ఊరందరికీ కాశీ దారాలు తేవల్ల కదా, ఇంట్లో సమారాధన చేసినప్పుడు పంచడానికి అవి లేకుండా ఎట్ల. పెద్దోళ్ళు రోజూ గంగ స్నానం చేస్తారు, తడిసిన నూలు చీరలు ఆరవు, బరువెక్కిపోతాయి, స్నానానికి మటుకు పల్చటి సింథటిక్ చీరలు రెండు రెండు పెట్టమనండి, ఆరేయడానికి ఒక నైలాన్ తాడు, నాలుగు క్లిప్పులు. మీ నడుముకు బెల్టు, నొప్పి మందు మీ సంచిలో మీరే పెట్టుకోండి.

ప్రశ్న: అమ్మా, మాది కడప. నాకు అరవై రెండేండ్లు. మా ఇంటాయన రిటైరయినారు, షుగరుకు రోజూ ఇన్సులిన్ పెన్ను వాడతారు. ఆయన స్నేహితులు ఇంకో రెండు జంటలతో కలిసి కారులో ఊటీ పోతున్నాం. నేను ఇన్సులిన్, సూదులు, షుగర్ మిషను ఒక డబ్బాలో సర్దితే వద్దంటారు. "యాడన్నా మెడికల్ షాపుంటాది, అందరి ముందర నన్ను రోగిష్టోడిని చేయొద్దు" అంటారు. నాకు భయంగా ఉంది.
– ఒక పెద్దమ్మ, కడప

జవాబు: పెద్దమ్మా, ఈ జవాబు పెద్దాయనకే రాస్తున్నా, ఆయన చేతికివ్వండి.

పెద్దాయనా, మీరు సిగ్గుపడుతున్నది డబ్బా గురించి కాదు, అది ఆమె చేతిలో ఉండటం గురించి అని నాకు అనిపిస్తాంది. స్నేహితుల ముందు భార్య వచ్చి "ఇంజక్షన్ టైమైంది" అంటే మనసు చివుక్కుమంటుంది, ఆ బాధ నాకు అర్థమవుతుంది. అట్లయితే ఆ డబ్బాను మీరే తీసుకోండి. షేవింగ్ సామాను పెట్టుకునేటంత చిన్న సంచిలో అంతా పడుతుంది, మీ భుజానికే వేసుకోండి, టైముకు మీరే పక్కకు పోయి వేసుకోండి, ఎవరూ గుర్తు చేయాల్సిన పని లేకుండా. మీ స్నేహితులు కూడా మీ వయసు వాళ్ళే, వాళ్ళ సంచుల్లోనూ ఏవో ఒక మందులు ఉంటాయి.

మెడికల్ షాపు మాట మాత్రం ఒప్పుకోలేను. మీరు వాడే ఇన్సులిన్ రకం, మీ పెన్నుకు సరిపోయే క్యాట్రిడ్జి దార్లో దొరుకుతుందని నమ్మకం లేదు. మైసూరు దాటినాక బందీపూర్ అడవి వస్తుంది, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ రోడ్డు మూసేస్తారు, ఆలస్యమైతే ఇవతలే ఏదో ఒక ఊర్లో ఆగిపోవల్ల, ఆ రాత్రి మందుల షాపు ఎక్కడని వెతుకుతారు? ట్రిప్పుకు ఎంత కావల్లనో దానికి రెట్టింపు పెట్టుకోండి, డాక్టరు చీటీ కూడా. ఘాట్ రోడ్డు మీద ట్రాఫిక్కులో భోజనం ఆలస్యమైతే షుగరు పడిపోతుంది, గ్లూకోజ్ పొట్లం, బిస్కెట్లు జేబుకు అందేంత దూరంలో ఉండల్ల, డిక్కీలో కాదు. షుగరు పడిపోతే ఏం చేయాలో మీతో వచ్చేవాళ్ళలో కనీసం ఒకరికైనా తెలియాలి, ఆ ఒకరికి మీ నోటితో మీరే చెప్పండి.

పెద్దమ్మా, ఇది మీకు. మన కడప ఎండలో తలుపులేసిన కారు ఎంత కాలిపోతుందో తెలుసు కదా, టీకి ఆగినా సరే ఇన్సులిన్‌ను కారులో వదలొద్దు. ఐసు ముక్కలకు ఆనించి పెట్టినా చెడిపోతుంది, గడ్డకడితే ఇంక పనికిరాదు. మందుల షాపుల్లో చల్లగా ఉంచే సంచులు దొరుకుతాయి, నీళ్ళలో తడిపి వాడేవి, ఒకటి కొనుక్కోండి. వాడుతున్న పెన్ను మామూలు గది చల్లదనంలో దగ్గర దగ్గర నెల ఉంటుంది, మీ రకానికి ఎన్ని రోజులో డాక్టరును ఒకసారి అడగండి. ఇది సర్దడం మాత్రం ఆయనకు వదిలేయండి, బయల్దేరే ముందు "అంతా ఉందా?" అని ఒక్కసారి అడగండి, మళ్ళీ అడగొద్దు.

ఊటీ రెండువేల రెండొందల మీటర్ల పైనే ఉంది, మే నెలైనా సాయంత్రానికి చలి, ఆయనకు ఒక స్వెట్టరు, మఫ్లరు, కాళ్ళకు మెత్తటి మూసిన బూట్లు తప్పనిసరి, షుగరున్నోళ్ళు చెప్పులతో తిరగకూడదు, కాలికి చిన్న దెబ్బ తగిలినా తెలీదు. నీళ్ళకు స్టీలు బాటిళ్ళే పెట్టుకోండి, నీలగిరి జిల్లాలో లీటరు, రెండు లీటర్ల ప్లాస్టిక్ నీళ్ళ బాటిళ్ళు నిషేధం, చెక్‌పోస్టులో తీసేసుకుంటారు. 2024 మే 7 నుంచి ఊటీకి పోయే బండ్లకు ఈ-పాస్ కూడా ఉండల్ల, హైకోర్టు ఆర్డరు, ఆన్‌లైన్లో బండి నంబరు ఇచ్చి తీసుకోవాల. మీ మూడు జంటల్లో ఫోను బాగా వాడేవాళ్ళు ఎవరో వాళ్ళకు ఈ పని ముందే అప్పజెప్పి, ఒక కాపీ కాగితం మీద తీయించి కారులో పెట్టుకోండి.